ఖాజాగూడ గుట్ట మీద కుక్క మొరాయిస్తోంది, ఏ హార్నెస్ కొనాలి?

బంటీ వాళ్ళ నాన్న:
పొద్దుట్నుంచీ ఇదే వెతుకుతున్నా, తల వేడెక్కిపోయింది. ఒకరు ఛాతీ మీంచి వచ్చే హార్నెస్ (మెడకి బదులు ఒంటికి తొడిగే పట్టీలు) అంటారు, ఒకరు వీపు మీద పిడి ఉన్నది అంటారు, ఇంకొకరు కాళ్ళకి బూట్లంటారు. నిన్న బంటీని ఖాజాగూడ ట్రెక్‌కి తీసుకెళ్ళాం. సగం దూరం హుషారుగానే వచ్చాడు. తర్వాత ఒక బండ నీడలో బోర్లా పడుకున్నాడు, బిస్కెట్ చూపించినా లేవడే! బెల్టు పట్టి లాగితే దగ్గు. చివరికి ఎత్తుకుని దిగాను, నడుం పట్టేసింది. వచ్చే నెల ఫరహాబాద్ ప్లాన్ ఉంది, ఈలోగా మంచిది చెప్పండి.

పశువైద్యం:
జాతి? వయసు? ఎన్నింటికి ఎక్కారు?

రాతిగుట్ట:
హార్నెస్ సంగతి తర్వాత. గొలుసు కట్టి తీసుకెళ్ళారా, వదిలేశారా? ఆదివారం ఆ గుట్ట నిండా పిల్లలే. కుక్క మీదికి ఉరుకుతుంటే ఓనర్ కింద నుంచి "మావాడు ఏం చేయడండీ" అని అరుస్తాడు. ఆ సంగతి బండ పట్టుకుని వేలాడుతున్న పిల్లకేం తెలుసు? ఎవరైనా ఎదురొస్తే మీరే పక్కకి తప్పుకుని, కుక్కని అవతలి వైపు పెట్టుకుని, వాళ్ళని పోనివ్వాలి. ఇంకోటి, పెంట. కవర్లో ఎత్తి ముడేసి, దిగేటప్పుడు తీసుకుపోదామని బండ పక్కన పెడతారు. దిగేది వేరే దారిన. ఆ నల్ల కవర్లు రాళ్ళ సందుల్లో ఎండకి చిరిగి పడుంటాయి. అసలు ఎత్తకపోయినా ఇంత అసహ్యంగా ఉండదు.

బంటీ వాళ్ళ నాన్న:
గొలుసు ఉందండీ. నేనడిగింది హార్నెస్.

నల్లమల:
ఫరహాబాద్ అన్నారు కాబట్టి చెప్తున్నా. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. పెంపుడు కుక్కని లోపలికి రానివ్వరు. కుక్కలకొచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు అడవి జంతువులకీ అంటుకుంటుంది. 2018లో గిర్‌లో 20కి పైగా సింహాలు పోతే, వాటిలో కొన్నిటికి ఆ వైరస్సే ఉందని తేలింది. టీకా కార్డు చూపిస్తే పంపేస్తారనుకోకండి.

గోల్కొండ:
అడవులన్నీ ఒకటేనా? వికారాబాద్ అనంతగిరి ఉత్త రిజర్వ్ ఫారెస్టే, అక్కడికి బోలెడుమంది కుక్కల్ని తెస్తారు. అయినా ఖాజాగూడ ఎక్కడాన్ని ట్రెక్ అంటారా, వాకింగ్ గానీ!

నల్లమల:
రిజర్వ్ ఫారెస్ట్‌లోకి కూడా ఇష్టమొచ్చినట్టు పోకూడదు. బోలెడుమంది తేవడం రూలు కాదు.

పశువైద్యం:
జాతి అడిగాను.

బంటీ వాళ్ళ నాన్న:
పగ్. ఐదేళ్ళు, కాస్త బొద్దు. టిఫిన్ చేసి బయల్దేరేసరికి పదకొండు దాటింది. దానికీ దీనికీ ఏం సంబంధం?

పశువైద్యం:
సంబంధమంతా అక్కడే. కుక్క ఒంటి వేడి పోయేది ముఖ్యంగా రొప్పడం వల్లే. పగ్‌కి ముక్కు చప్పిడి, గాలి దారి ఇరుకు, ఎంత రొప్పినా చాలదు. పైగా లావు, పైగా మధ్యాహ్నపు బండ. వాడు మొరాయించలేదు, వడదెబ్బకి ముందు ఆగిపోయాడు. నాలుక ఎర్రబడి, చొంగ కారుతూ, నడక తూలితే వెంటనే నీడలో పెట్టి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అరచేయి వెనక భాగం బండ మీద ఏడు సెకన్లు ఆనించండి. మీరు ఓర్చుకోలేకపోతే వాడి పాదాలూ ఓర్చుకోలేవు. ఈ ఎండల్లో తెల్లవారుజామునే వెళ్ళి ఎండెక్కక ముందే దిగేయాలి, వాడి నీళ్ళు మీరు మోయాలి. మెడ బెల్టు పగ్‌కి వద్దు, గొంతు నొక్కుకుంటుంది. ఛాతీ మీంచి వచ్చే హార్నెస్ తీసుకోండి. ఏదైనా సరే, లాగడానికి మాత్రం కాదు.

గోల్కొండ:
మా ల్యాబ్రడార్ మధ్యాహ్నం కూడా ఎక్కుతుంది.

పశువైద్యం:
ఎక్కుతుంది, ఓనర్ వెళ్తుంటే ఆగదు కాబట్టి.

బంటీ వాళ్ళ నాన్న:
ఓకే, థాంక్స్ అండీ. ఫరహాబాద్‌కి వెళ్ళేటప్పుడు బంటీని మా బావమరిది ఇంట్లో వదిలేస్తాం. పగ్‌కి ఎమ్ సైజు సరిపోతుందా?

రాతిగుట్ట:
కవర్ల గురించి మాత్రం ఒక్కరూ మాట్లాడరు.