పాప బర్క్‌లీకి పోతా ఉంది, మేం ఏం చెయ్యాల?

బుచ్చిరెడ్డిపాళెం – ఇప్పుడు ఫ్రీమాంట్

అందరికీ నమస్కారం. మాది బుచ్చి. అక్కడ ఎరువుల అంగడి ఉండేది. పాప పుట్టకముందు మా అక్క ఇక్కడ్నుంచి మాకోసం వేసిన గ్రీన్ కార్డు పిటిషన్ 2024లో తెమిలింది, ముగ్గురం వచ్చేసినాం. నేను ఇండియన్ స్టోర్లో చేస్తా ఉండా, మా ఇంటామె డేకేర్లో. పాప ఇక్కడ ఓలోనీ కాలేజీలో రెండేళ్ళు చదివి బర్క్‌లీ యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ సీటు తెచ్చుకుంది, స్టాటిస్టిక్స్. ఆగస్టులో పోవాల.

నెల్లూర్లో పాప ఇంటర్ చదివేటప్పుడు వారం పరీక్ష అయిన రెండో రోజుకల్లా మార్కులు, ర్యాంకు నా ఫోన్‌కి మెసేజ్ వచ్చేది. తగ్గితే వాళ్ళే పిలిపించేవాళ్ళు. ఓలోనీలో అట్టాంటిదేం లేదు గానీ పాప ఇంట్లోనే ఉండింది, మొహం చూస్తే తెలిసిపోయేది. ఇప్పుడు అక్కడే గది తీసుకుని ఉంటే మాకెట్టా తెలిసేది? ఎవర్ని అడగాల? ఇంగ్లీషు మాకు అంతంతమాత్రం. మా ఇంటామె ఇప్పట్నుంచే ఏడుస్తా ఉంది. పెద్ద యూనివర్సిటీల్లో పిలకాయల్ని చదివించినోళ్ళు కొంచెం చెప్పండి.

కావలి – సన్నీవేల్

శుభాకాంక్షలు అన్నా. ఓలోనీ లాంటి రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీ నుంచి బర్క్‌లీ అంటే మాటలు కాదు.

మార్కుల సంగతి ముందే చెప్పేస్తా. మీకు ఎవరూ మెసేజ్ పెట్టరు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం స్కూలు చదువులో, పద్దెనిమిదేళ్ళు నిండేదాకా, పిల్లల రికార్డుల మీద హక్కు తల్లిదండ్రులది. కాలేజీలో చేరిన రోజు నుంచి ఆ హక్కు పిల్లలదే, ఫీజు మీ జేబులోంచి పోయినా సరే. పన్నుల్లో పిల్లని డిపెండెంట్‌గా చూపించే తల్లిదండ్రులకు చెప్పొచ్చని ఉంది గానీ చెప్పి తీరాలని లేదు. ప్రాణాల మీదికొచ్చే పరిస్థితి అయితే చెప్పడానికి వెసులుబాటు ఉంది. మామూలుగా మీరు ఫోన్ చేస్తే “మీ అమ్మాయిని అడగండి” అంటారు. మర్యాదగానే అంటారు.

కందుకూరు – డబ్లిన్

నమస్తే అన్నా. మాది కందుకూరు. ఏ జిల్లా అని మాత్రం అడక్కండి, ప్రకాశంలో పుట్టా, 2022లో నెల్లూరు జిల్లా అన్నారు, ఆ తర్వాత పట్టించుకోవడం మానేశా. మా పెద్దోడు బర్క్‌లీలోనే చదివాడు. మా చెల్లెలి కూతురు మీ పాప లాగే కమ్యూనిటీ కాలేజీ నుంచి వెళ్ళింది. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

పైన తమ్ముడు చెప్పింది నిజమే గానీ ఒక దారి ఉంది. పిల్లల ఫీజులు, క్లాసులు, గ్రేడ్లు అన్నీ కాల్‌సెంట్రల్ అనే సైట్లో ఉంటాయి. పాప ఇష్టపడితే అందులో మీకు డెలిగేట్ యాక్సెస్ ఇవ్వొచ్చు. ఏమేం చూడనివ్వాలో తనే టిక్ పెడుతుంది. డబ్బులకి వేరే, గ్రేడ్లకి వేరే. నా మాట వింటే డబ్బుల వరకే తీసుకోండి. ఎంత కట్టాలి, ఎప్పటిలోగా కట్టాలి మీకు కనపడితే చాలు. గ్రేడ్లకి టిక్ పెట్టమని అడగనే వద్దు.

ఎందుకంటారా. ఇక్కడ మీకు కబురు చెప్పే ప్రిన్సిపాల్ లేడు, వార్డెన్ లేడు, పక్కింటి పిల్ల తండ్రి లేడు. ఏదన్నా తేడా వస్తే మీకు తెలిసే దారి ఒక్కటే, పాప నోరు. మీరు స్క్రీన్ మీద గ్రేడు చూసి సాయంత్రం ఫోన్లో “ఇదేంది?” అన్నారనుకోండి, ఆ రోజు నుంచి పాప ఫోన్లో “బాగున్నా, తిన్నా, పడుకుంటున్నా” అనే మూడు ముక్కలే వినపడతాయి. ఇంటర్లో మెసేజ్ వస్తే తిట్టినా పిల్లలకి వేరే దారి లేదు, మళ్ళీ వారం ఇంకో మెసేజ్ వచ్చేది. ఇక్కడ పాప చెప్పడం మానేస్తే మీకు ఇంకేం మిగలదు.

అది ఎప్పుడు అక్కరకొస్తుందో కూడా చెప్తా. ట్రాన్స్‌ఫర్ పిల్లలు నేరుగా మూడో ఏడు క్లాసుల్లో కూర్చుంటారు. పక్కనున్నోళ్ళకి అక్కడి పరీక్షల తీరు రెండేళ్ళుగా అలవాటు. ఓలోనీలో తెచ్చుకున్న యూనిట్లు (క్రెడిట్లు) లెక్కలోకి వస్తాయి గానీ అక్కడి గ్రేడ్లు బర్క్‌లీ జీపీఏలో (గ్రేడ్ల సగటు) కలవవు. అంటే ఎన్ని ‘ఏ’లు ఉన్నా ఆగస్టులో లెక్క సున్నా నుంచి మొదలు. మొదటి మిడ్‌టర్మ్‌లు (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలు) ఒక నెల తిరక్కుండానే మొదలైపోతాయి. కొన్ని లెక్కల, కంప్యూటర్ పేపర్లలో క్లాసు సగటే సగం మార్కుల దగ్గర ఉంటుంది. నెల్లూర్లో తొంభై ఎనిమిది తగ్గితే ఇంట్లో దీపం ఆరిపోయినట్టు చూసే పిల్లకి వందకి యాభై నాలుగు వస్తే, అది క్లాసులో మధ్యలో ఉన్న మార్కే అయినా, తను అడ్మిషన్ పొరపాటున వచ్చిందనుకుంటుంది. మా చెల్లెలి కూతురు సరిగ్గా అదే అంది. “పెద్దమ్మా, వాళ్ళు ఎవరి ఫైలో చూసి నాకు సీటిచ్చారు.”

ఆ మాట మీతో అనగలిగితే సగం గండం గడిచినట్టే. అప్పుడు మీరు “సగటెంత?” అని ఒక్కటి అడగండి. ఆ తర్వాత “ఆఫీస్ అవర్స్‌కి పోయావా?” అని అడగండి.

ఈ ఆఫీస్ అవర్స్ అనేది మనోళ్ళకి ఎక్కదు. ప్రొఫెసర్, జీఎస్సై (పాఠాలకు సాయం చేసే పెద్ద విద్యార్థులని బర్క్‌లీలో అట్టా అంటారు) వారంలో ఫలానా గంట ఫలానా గదిలో కూర్చుంటారు, ఎవరైనా పోయి అడగొచ్చు. మన ఇంటర్ కాలేజీల్లో సార్ దగ్గరికి విడిగా పోయేది వెనకబడినోళ్ళు. అందుకే మన పిల్లలు పోరు, సిగ్గు. అక్కడ బాగా చదివేవాళ్ళే ముందు వరసలో ఉంటారు. స్టూడెంట్ లెర్నింగ్ సెంటర్ అని ఇంకోటి ఉంది, ట్యూషన్ లాంటిది, డబ్బులు తీసుకోరు. ట్రాన్స్‌ఫర్ స్టూడెంట్ సెంటర్‌లో మీ పాప లాంటోళ్ళే ఉంటారు, మొదటి వారమే ఒకసారి పోయి రమ్మనండి.

మేజర్‌కి (డిగ్రీలో ముఖ్య సబ్జెక్టు) అక్కర్లేని సబ్జెక్టు బరువైతే గ్రేడు లేకుండా పాస్/నో పాస్ కింద మార్చుకోవచ్చు, గడువులోపల వదిలేసుకోవచ్చు. కాకపోతే స్కాలర్‌షిప్పు డబ్బులతో ముడిపడి ఉంటుంది కాబట్టి అడ్వైజర్‌ని అడక్కుండా ఏదీ వదలకూడదు. జీపీఏ 2.0 కంటే తగ్గితే హెచ్చరిక ఇస్తారు. అది కూడా పాపకే వస్తుంది, మీకు రాదు.

ఇక ఆరోగ్యం. టాంగ్ సెంటర్ అని క్యాంపస్‌లోనే ఆస్పత్రి. మనసు బాగాలేకపోతే మాట్లాడ్డానికి కౌన్సెలర్లు కూడా అక్కడే ఉంటారు, మొదటి కొన్ని విడతలకి ఇన్సూరెన్సుతో పని లేదు. కౌన్సెలర్ అనగానే మనింట్లో “పిచ్చా ఏంది?” అంటారు. ఆ మాట మీ ఇంట్లో వినపడనియ్యొద్దు. మీరే ముందు “అవసరమైతే పోమ్మా” అనేయండి. ఎప్పుడైనా పాప మాటల్లో బతుకు మీద విరక్తి వినపడితే తెల్లారేదాకా ఆగొద్దు, 988కి ఫోన్ చెయ్యండి, దేశమంతా ఒకటే నంబరు, ఇరవైనాలుగ్గంటలూ పలుకుతుంది. మీరు కూడా చేసి అడగొచ్చు.

ఒంగోలు – శాన్ రామన్

అక్క రాసింది బాగుంది గానీ నేను ఒప్పుకోను. మార్కులు అడగొద్దంటే ఎట్టా? మేం మా వాడికి రోజూ రాత్రి ఫోన్ చేశాం, ప్రతి పరీక్షా అడిగాం. బాగానే పైకొచ్చాడు. పట్టు వదిలేస్తే పిల్లలు గాలికి పోతారు. పొగాకు బేరన్ల కాడ నిలబడి పెరిగినోళ్ళం మనం, అడగనిదే పని జరగదు.

చీమకుర్తి – ఓక్లాండ్

ఒంగోలు బాబాయ్, నేను బర్క్‌లీలో చదివి ఇప్పుడు పక్కనే ఉద్యోగం చేస్తున్నా. మీ అబ్బాయి చెప్పేరకం, అందుకని మీకు కుదిరింది. నా రూమ్మేట్ చెప్పేరకం కాదు. మన వైపు వాడే. వాళ్ళ నాన్న కూడా రోజూ అడిగేవాళ్ళు. వాడు రోజూ “ఏ వచ్చింది” అనేవాడు. రెండో సెమిస్టర్లో క్లాసులకే పోవడం మానేశాడు, ఇంట్లో మాత్రం ఏ, ఏ మైనస్. వాళ్ళమ్మ ఉగాదికి వచ్చి, గదిలో కర్టెన్ తియ్యకుండా మధ్యాహ్నం రెండింటికి పడుకోనున్నవాణ్ణి చూసింది. ఒక సెమిస్టర్ ఆగి, అడ్వైజర్‌తో మాట్లాడుకుని తిరిగొచ్చాడు, డిగ్రీ తెచ్చుకున్నాడు. ఇబ్బందేం లేదు, ఇక్కడ ఆగి రావడం చేతగానితనం కింద లెక్కెయ్యరు. మనూళ్ళో లెక్కేస్తారు, దాంతోనే భయం.

బుచ్చి బాబాయ్, ఇంకొకటి. పాప పేరుతో సీటొచ్చిందని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేసుంటారు, సరే. ఆ తర్వాత ఇంక ఆపేయండి. ఏ ఇంటర్న్‌షిప్, ఎంత ప్యాకేజీ అని దర్గామిట్ట నుంచి పొదలకూరు దాకా అడుగుతా ఉంటే ఆ పిల్లకి సంక్రాంతికి మీ అక్కాళ్ళింటికి రావాలన్నా ఒళ్ళు జంకుతుంది.

గూడూరు – మిల్పిటస్

డబ్బుల మాట ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతా. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఫాఫ్సా (చదువుకి కేంద్ర ప్రభుత్వ సాయం అడిగే) ఫారం నింపొచ్చు. ఇది ఒకసారితో అయిపోదు, ప్రతి ఏడూ నింపాలి. మామూలుగా అక్టోబర్ 1న మొదలవుతుంది, కాల్ గ్రాంటుకి (కాలిఫోర్నియా రాష్ట్రం ఇచ్చే సాయం) మార్చి 2 గడువు. తల్లిదండ్రులు వేరేగా లాగిన్ తెరిచి, పన్ను వివరాలు చూడ్డానికి ఒప్పుకోవాలి. “మా నాన్నకి కంప్యూటర్ రాదు” అని ఇక్కడే చాలామంది పిల్లలు ఇరుక్కుంటారు. పాపని పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఆదివారం మీ చేత్తో మీరే నింపండి. పెల్ గ్రాంటు (కేంద్రం ఇచ్చేది) ఏడాదికి 7,395 డాలర్ల దాకా ఉంది, తిరిగి కట్టక్కర్లేదు. ఆదాయం తక్కువున్న కాలిఫోర్నియా కుటుంబాలకి యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) వాళ్ళ బ్లూ అండ్ గోల్డ్ పథకంలో ట్యూషన్ ఫీజు కూడా కట్టక్కర్లేదు. ఊళ్ళో ఇంకో ఇల్లు, ప్లాటు, కౌలుకిచ్చిన పొలం ఉంటే ఫారం అడిగిన చోట చూపించాలి, ఇండియాలో ఉన్నా సరే. దాచి, తర్వాత బయటపడితే పాప మెడకి చుట్టుకుంటుంది.

బర్క్‌లీ వాళ్ళు హెల్త్ ఇన్సూరెన్స్‌ని (షిప్ అంటారు) అడక్కుండానే ఫీజులో కలిపేస్తారు. మీకు ముందే ఇన్సూరెన్సు ఉంటే, వాళ్ళ షరతులకి సరిపోతే, గడువులోపల వద్దని రాసివ్వొచ్చు. ఆ గడువు దాటనియ్యొద్దు.

చివరగా అన్నా, ఎయిడ్ లెటర్ (ఎంత సాయం ఇస్తారో చెప్పే ఉత్తరం) చూడకుండా రెండో షిఫ్టు ఒప్పుకోవద్దు. స్టోర్ల పని సంగతి నాకు తెలుసు. మీరు నిలబడలేక మంచాన పడ్డారని తెలిస్తే పాప చదువు మానేసి వచ్చేస్తానంటుంది.

బుచ్చిరెడ్డిపాళెం – ఫ్రీమాంట్

అందరికీ పేరుపేరునా దండాలు. రాత్రి పాపని కూర్చోబెట్టి మాట్లాడినాం. డబ్బుల కాడ టిక్ పెడతానంది. గ్రేడ్ల సంగతి నేను ఎత్తలేదు. కాసేపు నా మొహం చూసి “నాన్నా, నువ్వు అడుగుతావనుకున్నా” అనింది. ఒంగోలు అన్నా, ఏమనుకోవద్దు, మా పాప రెండోరకమే, నోరు తెరవదు. రెండో షిఫ్టు సంగతి కూడా ఇప్పటికి ఆపినా.

వచ్చే ముందు ఏడు మా ఇంటామె స్వర్ణాల చెరువు కాడ రొట్టెల పండక్కి పోయి చదువు రొట్టె పట్టుకుంది. మొక్కు తీరింది కాబట్టి తిరిగి రొట్టె పెట్టాలని ఒకటే గోల. ఈ ఏటికి మా బామ్మర్ది చేత పెట్టిస్తాం.

ఇంకొక్కటే. మా ఇంటామె ఫ్రీమాంట్ నుంచి బార్ట్ రైల్లో పోయి పాపని చూసొస్తానంటా ఉంది. వారం వారం పోతే బాగుంటదా? చేపల పులుసు రైల్లో తీసకపోనిస్తారా?

కందుకూరు – డబ్లిన్

ఆరెంజ్ లైన్ ఎక్కితే డౌన్‌టౌన్ బర్క్‌లీలో దిగడమే, మారే పని లేదు, ముప్పావుగంట పైచిలుకు. తీసకపోనిస్తారు, రైల్లో తిననియ్యరు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, దాన్ని కవర్లో కట్టమనండి వదిన్ని. గదిలో ఇంకెవరన్నా ఉంటే చేపల వాసన పడుతుందో లేదో పాపనే అడగమనండి ముందు. కందిపొడి, గోంగూర పచ్చడి అయితే ఎవరూ ఏమనరు.

వారం వారం వద్దు. మొదటి నెలన్నర పాప రమ్మంటేనే పోండి. డిసెంబర్ మొదట్లో పెద్ద పరీక్షలకి ముందు వారం క్లాసులుండవు, చదువుకోడానికి వదిలేస్తారు, దాన్ని ఆర్ఆర్ఆర్ వారం అంటారు, పేరు చూసి నవ్వకండి. ఆ వారం మాత్రం అన్నం, పులుసు పట్టుకెళ్ళి తలుపు కాడ ఇచ్చి, లోపలికి పోకుండా, మళ్ళీ రైలెక్కి వచ్చేయమనండి.