అప్‌డేట్: అమ్మ గుండెదడ గురించి కార్డియాలజిస్ట్‌ను కలిసొచ్చాం

అమ్మకు గుండె లయ తప్పి కొట్టుకుంటోంది, మొదటిసారి కార్డియాలజిస్ట్‌ను కలిసినప్పుడు ఏమేం అడగాలి అని మిమ్మల్ని అడిగాను కదా. నిన్న వెళ్లొచ్చాం. సమాధానం ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.

అన్నిటికన్నా పనికొచ్చింది, ప్రశ్నలకంటే ముందు దడ వచ్చినప్పటి వివరాలు రాసుకోమన్న సలహా. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపుంది, ఆయాసం వచ్చిందా, కళ్లు తిరిగాయా అన్నీ ఒక కాగితం మీద రాశాం. డాక్టరు గారు ముందు ఆ కాగితమే తీసుకుని, "పడుకున్నాక" అని ఉన్న చోటల్లా పెన్నుతో గీత గీసి, అమ్మకు గురక వస్తుందా అని అడిగారు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే సమస్యకూ ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కూ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) సంబంధం ఉందట. నాకు అసలు తట్టని విషయం ఇది.

ఈసీజీ చూసి ఏట్రియల్ ఫిబ్రిలేషనే అన్నారు. ఎకో (గుండె స్కానింగ్), థైరాయిడ్ పరీక్ష, హోల్టర్ మానిటర్ (ఒంటికి తగిలించుకుంటే రాత్రీ పగలూ గుండె లయను రికార్డు చేసే చిన్న పరికరం) రాశారు. అబ్లేషన్ (గుండెలో లయ తప్పించే చోటును సన్నని గొట్టంతో చేరి పనిచేయకుండా చేసే చికిత్స) సంగతి రిపోర్టులు వచ్చాక చూద్దామన్నారు.

మీరు తప్పకుండా అడగాల్సింది మాత్రం పక్షవాతం ముప్పు గురించి. గుండె పై గదుల్లో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరవచ్చు. అందుకే వయసు, బీపీ, షుగర్ లాంటివి లెక్క చూసి, రక్తం గడ్డకట్టకుండా మందు కావాలో వద్దో నిర్ణయిస్తారు. దడ తగ్గింది కదా అని ఆ మందు సొంతంగా మానొద్దని గట్టిగా చెప్పారు.

ఎప్పుడు ఎమర్జెన్సీకి పరుగెత్తాలో కూడా అడిగాను: ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి పట్టు తప్పడం.

హోల్టర్ పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, దాంతో రాత్రి నిద్ర ఎలా పట్టిందో చెప్పండి. అమ్మకు ఇప్పుడు అదే టెన్షన్.