చారిత్రక కట్టడాలను ఏ వరుసలో చూస్తే మనసులో నిలుస్తాయి?

బాటసారి:
మన దేశంలోని చారిత్రక కట్టడాలను ఏటా కొన్నింటి చొప్పున కుటుంబంతో కలిసి చూడాలని అనుకుంటున్నాము. యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాను ముందు పెట్టుకుని ఒక్కొక్కటి చూసుకుంటూ పోదామనుకున్నాను గాని, అలా తిరిగి వచ్చిన మా బంధువులు ఏ శిల్పం ఎక్కడిదో ఫొటోలు తిరగేస్తే తప్ప చెప్పలేకపోతున్నారు. మాతో మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి వస్తారు. ఏ ప్రాతిపదికన ఎంచుకుంటే మంచిదో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

శిలాక్షరం:
బాటసారి గారూ, జాబితాలో ప్రతి కట్టడమూ విడిగా ఉంటుంది. వాటి మధ్య ఉన్న చుట్టరికం అందులో కనిపించదు. ఒకదాన్ని చూసి మరొకదాన్ని కట్టిన వరుసను పట్టుకుని వెళ్లమని నా సలహా. దక్షిణాదిన అందుకు కంచి కైలాసనాథాలయం, కర్ణాటకలోని పట్టదకల్లు విరూపాక్షాలయం, మహారాష్ట్రలోని ఎల్లోరా కైలాసాలయం మూడింటినీ మించినవి లేవు. వీటిలో కంచి గుడి ఇంకా యునెస్కో జాబితాలోకి ఎక్కలేదు కనుక, జాబితానే నమ్ముకుంటే కథ మొదలే తప్పిపోతుంది.

పల్లవ రాజు రాజసింహుడు 8వ శతాబ్ది తొలినాళ్లలో కంచి ఆలయాన్ని కట్టించాడు. కొన్ని దశాబ్దాల తరువాత బాదామి చాళుక్యుడు రెండవ విక్రమాదిత్యుడు కంచిని జయించి, గుడి సొమ్మును తిరిగి దేవుడికే అప్పగించినట్లు అక్కడి స్తంభం మీద కన్నడంలో శాసనం వేయించాడు. ఓడిన రాజు గుడిలో గెలిచిన రాజు భాషలో ఉన్న ఆ అక్షరాలను మీ అబ్బాయికి తప్పక చూపించండి. గర్భగుడి చుట్టూ పాకుతూ దూరవలసిన ఇరుకు ప్రదక్షిణ మార్గం కూడా అక్కడ ఉంది. పిల్లలకు అది శాసనం కంటే ఎక్కువ నచ్చుతుందని వేరే చెప్పనక్కరలేదు.

ఆ విజయానికి గుర్తుగా విక్రమాదిత్యుడి రాణి లోకమహాదేవి పట్టదకల్లులో కట్టించినదే నేటి విరూపాక్షాలయం. కంచిలో చూసిన అంతస్తుల విమానమూ (గర్భగుడి మీది గోపురం), ప్రాకారం వెంబడి ఉండే చిన్న గుళ్లూ ఇక్కడా ఎదురవుతాయి. తూర్పు ద్వారం దగ్గరి శాసనం, దీన్ని నిర్మించిన స్థపతి, అంటే ప్రధాన శిల్పి, పేరు గుండ అనీ, అతనికి అనివారితాచారి అనే బిరుదు ఉందనీ చెబుతుంది. కట్టించినవారి పేర్లే గాని కట్టినవారి పేర్లు అంతగా మిగలని మన చరిత్రలో ఆ రెండు ముక్కల దగ్గర కాసేపు నిలబడాలనిపిస్తుంది. 753 ప్రాంతంలో చాళుక్యుల స్థానంలోకి రాష్ట్రకూటులు వచ్చారు. వారిలో మొదటి కృష్ణుడి కాలంలో ఎల్లోరాలో ఒక కొండనే పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చి కైలాసాలయంగా మలిచారు. పట్టదకల్లులో చిన్న ఫలకంగా కనిపించే రావణుడు కైలాసాన్ని ఎత్తే ఘట్టం, ఇక్కడ గుడి మొత్తాన్నీ అతడే మోస్తున్నాడా అన్నంత పెద్దదిగా కింది గోడలో ఉంటుంది. ఏడాదికి ఒకటి చొప్పున, ఇదే క్రమంలో చూడండి.

సంచారి:
శిలాక్షరం గారి వరుస బాగుంది. ప్రయాణపు సంగతులు నేను చేరుస్తాను. ఎల్లోరాకు మంగళవారం, అజంతాకు సోమవారం సెలవు. రెండింటినీ ఒకే ప్రయాణంలో పెట్టుకునేవారు ఈ రెండు రోజులనూ సరిచూసుకోకుండా రైలు టికెట్లు తీసుకోరాదు. కంచి గుడిని మధ్యాహ్నం మూసివేస్తారు కనుక పొద్దున్నే వెళ్లడం మేలు.

మీ అత్తగారి విషయానికి వస్తే, పట్టదకల్లు ఆలయాలన్నీ చదునైన పచ్చిక నేల మీద పక్కపక్కనే ఉన్నాయి. అంతకంటే సులువైన చోటు ఆవిడకు దొరకదు. బస మాత్రం అక్కడికి సుమారు 22 కిలోమీటర్ల దూరంలో ఉన్న బాదామిలో చూసుకోండి. బాదామి గుహలకు మెట్లు ఎక్కాలి, అజంతాలోనూ మెట్లు తప్పవు, కాకపోతే అజంతాలో డోలీలు దొరుకుతాయి. ఎల్లోరాలో కైలాసాలయం ప్రవేశానికి ఎదురుగానే ఉంది కనుక మిగిలిన గుహలు వదిలేసినా ఆవిడకు అసలైనది దక్కుతుంది. వేసవి సెలవుల్లో మాత్రం ఈ రాతి ప్రదేశాల జోలికి పోకండి.

కోటగుమ్మం:
నాది కొంచెం భిన్నాభిప్రాయం. మూడేళ్లపాటు శివాలయాలే చూపిస్తే ఆ వయసు పిల్లవాడు మొదటి ఏడాదికే మొహం తిప్పేస్తాడు. ఎల్లోరా దారిలోనే దౌలతాబాదు కోట ఉంది. నిలువునా చెక్కేసిన కొండ, చుట్టూ కందకం, లోపలికి వెళ్లే చీకటి సొరంగం, వీటికి ఏ పాఠమూ చెప్పనక్కరలేదు. 1327లో మహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని మార్చినది ఇక్కడికే. అంతకు ముందు ఇది యాదవుల దేవగిరి.

వరుసే కావాలంటే ఇక్కడినుంచి మరొకటి మొదలవుతుంది. కాకతీయ గణపతిదేవుడు ఆ యాదవుల చేతిలో బందీగా ఉన్న కాలంలో రాజ్యాన్ని నిలబెట్టిన సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించినదే రామప్ప గుడి. దాని శిఖరానికి వాడిన ఇటుకలు నీటిలో తేలేంత తేలికైనవి. అక్కడ మెట్ల బెడద కూడా పెద్దగా లేదు.

బాటసారి:
అందరికీ కృతజ్ఞతలు. ముందుగా డిసెంబరులో బాదామిలో బస చేసి పట్టదకల్లు చూద్దామని నిశ్చయించాము. కంచి వరుసలో మొదటిదైనా, మా అత్తగారికి చదునైన చోటుతో మొదలుపెట్టడమే నయమనిపించింది. వరుస తలకిందులైనందుకు శిలాక్షరం గారు మన్నించాలి. అక్కడి శాసనాలను చదివి వివరించగల గైడు దొరుకుతారా?

శిలాక్షరం:
మన్నించవలసినది ఏమీ లేదు. నకలు చూశాక మూలాన్ని వెతుక్కుంటూ వెళ్లడంలోనూ ఒక సరదా ఉంది. గైడును కుదుర్చుకునే ముందు గుండ పేరు ఏ గోడ మీద ఉందని అడగండి. తడుముకోకుండా చూపించినవారిని వెంటబెట్టుకోండి.