జంబీరబీజంలో చివరి గడి

కత్తిరింపుల పెట్టె:
నాన్నగారి శబ్దరత్నాకరం నిఘంటువు దులుపుతుంటే ఏదో వారపత్రికలోంచి కత్తిరించిన గళ్ళనుడికట్టు బయటపడింది. తేదీ లేదు. దాదాపు అంతా పెన్సిలుతో నింపేశారు. ఒక్క గడిలో మాత్రం కాగితం పలచబడేదాకా చెరిపారు. అడ్డం ఆధారం: "నిమ్మగింజ, ఎటు నాటినా ఒకటే (5)". ఎటు చదివినా ఒకేలా ఉండే మాటల చాటుపద్యం తెలిసినవాళ్ళకి జంబీరబీజం అని వెంటనే తడుతుంది. ఆ చివరి గడిలోంచి నిలువుగా దిగేది: "ఇద్దరే లోకం (2)". నాన్న అక్కడ "జగం" రాశారు. అంటే పైగడిలో వట్టి జ. ముందు జం రాసి సున్న చెరిపారు, మళ్ళీ పెట్టారు, మళ్ళీ చెరిపారు. పెన్సిలు గుంట వేలికి తగులుతోంది. అక్కడ ఉండాల్సింది జనా, జంనా?

నిలువు గడి:
జం. సందేహమే లేదు. నిలువు జవాబు "జంట". అర్థం "ఇద్దరే" దగ్గరే అయిపోయింది, "లోకం" అనేది ఎర. చేయి తిరిగినవాళ్ళు ఆధారంలో మొదటి మాటో చివరి మాటో పట్టుకుంటారు. మీ నాన్నగారు చివరిది పట్టుకున్నారు. కూర్చినాయన కోరుకున్నదీ అదే.

చాటుధార:
అంత తేలిగ్గా ఒప్పుకోలేనండీ. ఎర అయినా కూలి చేయాలి. జంటలో "లోకం" ఊరికే కూర్చుంది. మంచి ఆధారంలో అలాంటి మాట ఉండదు. జగం అనుకుని చూడండి: "జగతః పితరౌ వందే". లోకానికి తల్లీ తండ్రీ, ఇద్దరే. అప్పుడు రెండు మాటలూ పని చేస్తాయి.

నిలువు గడి:
పితరులు ఇద్దరు, జగం ఇద్దరు కాదు కదా మాస్టారూ. కాళిదాసుని తెచ్చినా లెక్క కుదరలేదు.

చాటుధార:
కాళిదాసుని తెచ్చింది అందుకొక్కదానికే కాదు. ఆ పాదం చివర "పార్వతీపరమేశ్వరౌ" ఉంది చూశారూ, దాన్ని "పార్వతీప, రమేశ్వరౌ" అని విరిస్తే శివుడూ విష్ణువూ అవుతారు. ఒక్క అక్షరం కదపలేదు, విరుపు మారిందంతే. గూఢమైన ఆధారం రాసేవాడు చేసేదీ ఇదే. మన పింగళి సూరన రాఘవపాండవీయం మొత్తం ఇలా నడిపాడు. చదివేవాడు ఎక్కడ విరిస్తే అక్కడ రాముడో పాండవులో. కళాపూర్ణోదయంలో అయితే మొదటి నుంచి చదివితే తెలుగు, చివరి నుంచి చదివితే సంస్కృతం అయ్యే పద్యమే పెట్టాడు. ఆ పద్యం ఒకసారి కాగితం మీద రాసుకుని, వెనక నుంచి అక్షరం అక్షరం చదవండి. నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

కొత్త పెన్సిల్:
ఒక చిన్న సందేహం సార్. సున్నని విడిగా లెక్కపెడితే జంబీరబీజం తిరగేస్తే సరిగ్గా రాదు కదా?

నిలువు గడి:
విడిగా లెక్కపెట్టకూడదు తమ్ముడూ. గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిసి ఒకే గడి. వికటకవినే తీసుకో. వి–క–ట–క–వి, అక్షరాలుగా ఎటు చదివినా ఒకటే. అదే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే తిరగబడదు. మలయాళం దీనికి రివర్స్: ఇంగ్లీషులో అటూ ఇటూ ఒకటే, మనకి మ–ల–యా–ళం, తిరగేస్తే ళంయాలమ. వాల్మీకి "మరా మరా" రామ అయిందీ అక్షరాలుగా తిప్పినప్పుడే.

చాటుధార:
అది చెప్పి సాక్షరుల్ని వదిలేస్తే ఎలా? సరస తిరగబడినా సరసే, "సాక్షరా" తిరగబడితే "రాక్షసా" అని సంస్కృత శ్లోకం. చదువుకున్నవాడు అడ్డం తిరిగితే ఏమవుతాడో మూడు గళ్ళలో చెప్పారు.

కొత్త పెన్సిల్:
భలే ఉంది సార్! అయితే "జంబీరబీజము" అని రాస్తే?

నిలువు గడి:
ఆరు గళ్ళవుతాయి, తిరగబడదు కూడా. జము రెండు లఘువులు, జం ఒక గురువు. మాత్రలు సమానమే కానీ గళ్ళు సమానం కావు. చాటువు చెప్పినాయన స్పష్టంగా అన్నాడు: "అన్నిటికిఁ జూడ ఐదేసి యక్షరములు, ఈవ లావల జూచిన నేక విధము". నందసదనం, మందారదామం, రంగనగరం, అన్నీ సున్న మీదే నిలబడ్డాయి. అక్కడ సున్న తీసేస్తే జంబీరం బతకదు. అసలు జంబీరం నిమ్మా గజనిమ్మా అని కూడా ఒక గొడవ ఉంది, అది ఇంకోసారి.

చాటుధార:
అడ్డం గురించి నాకు పేచీ లేదు. అది జం. నా పేచీ నిలువుతోనే. జం ఖాయమైతే "ఇద్దరే లోకం" జగం కాలేదు, నిజమే. కానీ జంట కూడా నాకు నచ్చలేదు. అంత గట్టి పద్యంలోంచి అడ్డం తీసినాయన పక్కనే ఇంత వదులుగా రాస్తాడా? రెండో గడి మీద ఏ అడ్డం వస్తోంది చెప్పండి, అప్పుడు తేలుతుంది.

కత్తిరింపుల పెట్టె:
చూశాను. రెండో గడి మీంచి అడ్డం 12 వెళ్తోంది, నాలుగు అక్షరాలు, మన గడి అందులో మూడోది. కానీ 12 ఆధారం ఉన్న చోటే కత్తెర పడింది. "…తలకిందులు (4)" అన్నంతవరకే మిగిలింది. మొదటి రెండు గళ్ళూ ఖాళీ. నాలుగో గడిలో నాన్న "ము" రాశారు.

చాటుధార:
ము! ఆగండి ఆగండి. ఆ ము నిలువులో దేనికి పనికొచ్చిందో చూడండి. ఈ కూర్పరి సున్నల మనిషా, ముల మనిషా అన్నది ముందు తేల్చుకోవాలి.

నిలువు గడి:
"కిరీటము". మూడోది ట. జంటే.

చాటుధార:
"తలకిందులు"కీ కిరీటానికీ సంబంధం?

నిలువు గడి:
ఆధారం మొదటి సగం కత్తెరలో పోయింది కదండీ. తల మీద ఉండేదే కదా మరి.

కత్తిరింపుల పెట్టె:
నాన్న 12 ముందు చిన్న ప్రశ్నార్థకం కూడా పెట్టారు. రేపు పగటి వెలుతురులో ఫోటో తీసి పెడతాను. చెరిపిన గుంటలు పక్క వెలుతురులో బాగా కనిపిస్తాయి.