షుగర్ ఉన్నవాళ్లకి ఫుట్ మసాజర్ కొనిపెట్టొచ్చా? మెషీనా, చెక్క రోలరా?

వాల్తేరు వాసి:
అమ్మకి 64 ఏళ్లు, పన్నెండేళ్ల నుంచి షుగర్. సాయంత్రమయ్యేసరికి పాదాలు, పిక్కలు లాగేస్తున్నాయంటోంది. డాలస్‌లో ఉన్న తమ్ముడు అక్కడి మసాజర్ పంపిస్తానంటున్నాడు. పిక్కల దాకా పట్టేది, వేడి కూడా వస్తుందట. పక్కింటివాళ్లేమో చెక్క రోలర్ చాలంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఫిజియో నెల్లూరు:
ఏది కొనాలన్నది తర్వాత. ముందు ఆవిడ పాదాలకి స్పర్శ ఎంత ఉందో చూడండి. పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. రెండు పాదాల్లోనూ బొటనవేలు, మూడోవేలు, చిటికెనవేలు, మొత్తం 6 చోట్ల మీ చూపుడువేలి కొసతో 1-2 సెకన్లు ముట్టుకోండి. నొక్కొద్దు, రుద్దొద్దు, తెలియలేదు కదా అని అదే వేలుని మళ్లీ ముట్టుకోవద్దు. తగిలినప్పుడల్లా కుడో ఎడమో చెప్పమనండి. ఆరింటిలో 2 గానీ ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గిందనే అనుకోవాలి. అప్పుడు మెషీనూ వద్దు, రోలరూ వద్దు, డాక్టర్‌కి చూపించాలి. స్పర్శ తగ్గిన పాదానికి కాలుతున్నా తెలియదు, చర్మం లేస్తున్నా తెలియదు.

నూనె మర్దన:
షుగర్ ఉంటే అసలు మెషీన్ జోలికే పోకూడదని నా మాట. గోరువెచ్చని నువ్వుల నూనెతో చేత్తో పది నిమిషాలు రాస్తే సరిపోతుంది. రాసే చేతికి పుండు, ఆనెకాయ, వాపు వెంటనే తెలుస్తాయి. మెషీన్‌కి అవేం తెలుసు? పది పదిహేను వేలు పోసి కొనడం దేనికి? వేళ్ల సందుల్లో మాత్రం నూనె ఉంచొద్దు, తడి నిలిచి ఒరుస్తుంది.

రిపేరు బెంచి:
రోజూ పక్కన కూర్చుని రాసేవాళ్లు ఉంటే మీరన్నది నిజం. చాలా ఇళ్లలో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటున్నారు. స్పర్శ బాగుంటే గాలి సంచుల మెషీన్ తప్పేం కాదు. పాదం చుట్టూ సంచులు నిండి నొక్కి వదులుతాయి, చర్మం మీద రాపిడి తక్కువ. తిరిగే గుబ్బలున్నవి మాత్రం ఎముక తేలిన సన్నటి పాదాలకి నప్పవు. చెక్క రోలర్‌లోనూ అదే ఇబ్బంది. గాడుల అంచులు అరికాలిని గీరతాయి, పైగా ఎంత బలంగా తొక్కుతున్నారో వాళ్లకే తెలియదు.

అమెరికా మెషీన్ సంగతి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ముందు వెనక లేబుల్ ఫొటో తెప్పించుకోండి. "100-240" అని ఉంటే పిన్ను మార్చుకుంటే చాలు. ఒక్క "120" మాత్రమే ఉంటే నేరుగా పెట్టిన క్షణంలో లోపలి బోర్డు పోతుంది. 230ని 120కి తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటే మళ్లీ ఖర్చు, బరువు. వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు. ఇక్కడే కొనమంటాను.

షాపులో తప్పనిసరిగా ఒకటి చేయించండి. సంచులు బిగిసి ఉండగా ప్లగ్ లాగేయమనండి. వెంటనే గాలి వదలాలి. వదలకపోతే కొనొద్దు. కరెంటు పోయినప్పుడు కాళ్లు ఇరుక్కుంటే వంగి జిప్పు లాగే ఓపిక 64 ఏళ్లావిడకి ఉండదు.

వాల్తేరు వాసి:
కరెంటు బిల్లు బాగా వస్తుందా?

రిపేరు బెంచి:
50 వాట్ల మెషీన్ రోజూ అరగంట చొప్పున నెలంతా వాడినా 0.75 యూనిట్. దాని గురించి ఆలోచించకండి. ఆలోచించాల్సింది లోపలి గుడ్డ గురించి. జిప్పుతో ఊడి ఉతకడానికి వీలుండాలి. నూనె రాసుకున్న కాళ్లు పెడితే గుడ్డ పీల్చుకుని కంపు కొడుతుంది, త్వరగా చిరుగుతుంది. చిరిగాక గుబ్బల మధ్యకి చీర కుచ్చిళ్లు పోతాయి. జపాన్‌లో ఫుట్ మసాజర్ గుడ్డ తీసేసి మెడకి వాడితే బట్టలు చుట్టుకుని మనుషులు చనిపోయారు. చిరిగిన గుడ్డతో ఒక్కరోజు కూడా నడపొద్దు. 15 నిమిషాలకి దానంతట అదే ఆగిందని వెంటనే మళ్లీ వేయొద్దు, మోటారు వేడెక్కి లోపలి ఫ్యూజ్ పోతుంది.

ఫిజియో నెల్లూరు:
ఈ వాదనలో ఒకటి మరుగున పడుతోంది. లాగడానికి కారణం ఏమిటి? రెండు చీలమండలూ ఉబ్బితే ఆవిడ బీపీ మాత్ర ఏదో చూడండి. ఆమ్లోడిపిన్ వల్ల అలా వాపు వస్తుంది, దానికి మసాజ్ మందు కాదు. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. ఒక్క కాలే ఉబ్బి, పిక్క వేడిగా, నొప్పిగా ఉంటే చేత్తో కూడా ముట్టుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తనాళంలో రక్తం గడ్డ కట్టి ఉంటే నొక్కుడుకి కదిలి ఊపిరితిత్తుల్లోకి పోగలదు. పిల్లల దగ్గరికి వెళ్లి ఇరవై గంటల ప్రయాణం చేసి దిగినవాళ్ల విషయంలో ఇది మరీ గుర్తుంచుకోవాలి.

నూనె మర్దన:
వేడి బటన్ సంగతైనా ఒప్పుకుంటారా?

రిపేరు బెంచి:
ఒప్పుకుంటాను. షుగర్ ఉంటే వేడి ఆపేసే వాడాలి. వేడిని విడిగా ఆపలేని మోడల్ కొననే కొనొద్దు.

వాల్తేరు వాసి:
ఇప్పుడే చూశాను. ఆరింటిలో ఎడమ చిటికెనవేలు ఒక్కటే తెలియలేదు. రెండు కాళ్లకీ వాపు లేదు.

ఫిజియో నెల్లూరు:
ఇది గీటు దాటలేదు, కానీ పన్నెండేళ్ల షుగర్ కాబట్టి డాక్టర్ దగ్గర 10 గ్రాముల మోనోఫిలమెంట్ పరీక్ష చేయించండి. సన్నటి నైలాన్ దారంతో అరికాలు మీద ముట్టించి చూస్తారు, నిమిషాల పని. అప్పటిదాకా చేత్తోనే రాయండి. సరేనంటే గాలి సంచులది కొనండి. పల్చటి నూలు సాక్సు వేసి, వేడి లేకుండా, అన్నిటికన్నా తక్కువ నొక్కుడు మీద 5 నిమిషాలతో మొదలుపెట్టండి. తీశాక వెలుతురులో అరికాళ్లు, వేళ్ల సందులు చూడండి. అరగంటయినా ఎరుపు పోకపోతే మర్నాడు పెట్టొద్దు.