పాంక్రియాస్ గడ్డకు అబ్లేషన్: చేయించుకున్నవాళ్లు, ట్రయల్స్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

అంబాజీపేట_రాజు
మా మావయ్యగారికి 62 ఏళ్లు. కామెర్లని ముందు పసరు పోయించారు. తగ్గకపోతే అమలాపురంలో స్కాన్ తీయించాం. పాంక్రియాస్ (క్లోమం) తలభాగంలో క్యాన్సర్ గడ్డ ఉందన్నారు. లివర్‌కి పాకలేదు గానీ, పేగులకి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనిని చుట్టేసిందట, అందుకే ఆపరేషన్ కుదరదన్నారు. పిత్తనాళంలో స్టెంట్ (చిన్న గొట్టం) వేశాక కామెర్లు దిగాయి. ఫోల్ఫిరినాక్స్ కీమో నడుస్తోంది. ఈలోగా హైదరాబాద్‌లో ఒకచోట అబ్లేషన్ చేస్తే గడ్డ ఉన్నచోటే చచ్చిపోతుందన్నారు. అత్తయ్యగారు కొబ్బరితోట బేరం పెట్టమంటున్నారు. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి బాబూ.

గౌతమి_స్కాన్
రాజు గారూ, నేను రాజమండ్రిలో రేడియాలజీ టెక్నీషియన్‌ని, డాక్టర్‌ని కాదండి. ముందు ఏ అబ్లేషనో అడగండి. ఆర్‌ఎఫ్‌ఏ అయితే సూదితో వేడి పుట్టించి కాల్చడం. పాంక్రియాస్‌ని ఆనుకునే పిత్తనాళం, చిన్నపేగు మొదటి భాగం, పెద్ద రక్తనాళాలు ఉంటాయి. వేడి వాటికి తగిలితే ప్రమాదం. పైగా పక్కనే రక్తం పారుతుంటే కాలవలో ముంచిన గిన్నెలా అక్కడ వేడి నిలవదు, నాళం అంచున గడ్డ మిగిలిపోవచ్చు. ఐఆర్‌ఈ వేరు. నానోనైఫ్ అనేది అదే. గడ్డ చుట్టూ సూదులు గుచ్చి, సెకనులో లక్షవంతుల్లో లెక్కపెట్టేంత చిన్న కరెంటు దెబ్బలు వేల వోల్టులతో ఇస్తారు. కణం పొరకి చిల్లులు పడి కణం చనిపోతుంది. ఇది ప్రధానంగా వేడి మీద ఆధారపడదు కాబట్టి రక్తనాళాల గోడ చాలావరకు నిలుస్తుంది. మీవాళ్లకి చెప్పింది బహుశా ఇదే.

భీమవరం_లక్ష్మి
మా అమ్మకి ఐఆర్‌ఈ చేయించామండి. కీమో అయ్యాక, గడ్డ పెరగలేదని చూసుకునే చేశారు. పూర్తి మత్తు ఇచ్చి, కండరాలు కదలకుండా మందు వేస్తారు. తర్వాత కొన్నాళ్లు ఐసీయూ. కడుపునొప్పి, వాంతులతో చాలా నలిగిపోయింది. అన్నం అరగక ఎంజైమ్ క్యాప్సూల్స్ వాడాం. మొదటి స్కాన్‌లో గడ్డ తగ్గలేదని మేమంతా ఏడ్చాం. చచ్చిన భాగం కూడా స్కాన్‌లో గడ్డలాగే కనిపిస్తుందని, సీఏ 19-9 అనే రక్తపరీక్ష కూడా కలిపి చూడాలని డాక్టర్ గారు చెప్పారు. కొంతకాలం బాగానే తిరిగింది, సంక్రాంతికి పిల్లలతో అరిసెలు వండించింది. ఆ తర్వాత జబ్బు లివర్‌లో బయటపడింది. సూదులు పనిచేశాయా, కీమో వల్లే అన్నాళ్లు బతికిందా అంటే నేను చెప్పలేను తమ్ముడూ.

కాకినాడ_శ్రీను
లక్ష్మి గారు అన్నదే అసలు ప్రశ్న. దాన్ని తేల్చేది పోల్చి చూసిన ట్రయలే. నేను క్లినికల్ ట్రయల్స్ కోఆర్డినేటర్‌గా పనిచేస్తాను. 2015లో అమెరికా నుంచి 200 మంది ఐఆర్‌ఈ రోగుల లెక్క వచ్చింది. మధ్యస్థ ఆయుష్షు దాదాపు 25 నెలలు, అంటే సగం మంది అంతకంటే ఎక్కువ బతికారని. చాలామంది చూపించేది ఇదే. కానీ అందులో లాటరీ పద్ధతిలో విడదీసిన పోలిక జట్టు లేదు. కీమో తట్టుకుని నిలబడినవాళ్లనే ఎంచుకుంటే ఎవరికైనా అంకె బాగుంటుంది.

నెదర్లాండ్స్‌లో క్రాస్‌ఫైర్ ట్రయల్ పెట్టి లాటరీలా విడదీశారు. మీ మావయ్యగారిలా ఆపరేషన్‌కి అందని, వేరే చోటికి పాకని 68 మంది. సగం మందికి ఐఆర్‌ఈ, సగం మందికి ఎంఆర్‌ఐ చూస్తూ గురిపెట్టే రేడియేషన్, ఐదు విడతల్లో. 2024లో ప్రచురించారు. ఐఆర్‌ఈ వాళ్లకి మధ్యస్థం 12.5 నెలలు, రేడియేషన్ వాళ్లకి 16.1. ఆ తేడా గణాంకాల ప్రకారం తేలలేదు, కానీ ఐఆర్‌ఈ మెరుగని నిరూపణ అయ్యే ఆశ లేదని మధ్యలోనే ఆపేశారు. సూదులు వద్దని నేననను. తోట అమ్మేంత ఆధారం మాత్రం ఇంకా లేదంటాను.

పాలకొల్లు_మూర్తి
మా అన్నయ్యకి రేడియేషనే ఇచ్చారు. నడుంలోకి పాకే నొప్పికి మాత్రం సీలియక్ ప్లెక్సస్ బ్లాక్ అనే ఇంజెక్షన్ వల్ల నిద్ర పట్టింది. దాని గురించి కూడా అడగండి. అదే ముందు కావాలి.

అంబాజీపేట_రాజు
అందరికీ దండాలండి. ఒక్క సంగతి, మావయ్యగారికి గుండె లయ తప్పుతుందని చాలా ఏళ్లుగా మాత్రలు వాడుతున్నారు. ఇబ్బందా?

గౌతమి_స్కాన్
అమ్మో, ఇది మొదటే చెప్పాల్సిన మాటండి! ఐఆర్‌ఈలో ఒక్కో కరెంటు దెబ్బని ఈసీజీతో కలిపి, గుండె కొట్టుకునే సరైన క్షణంలోనే వదులుతారు. లయ తప్పేవాళ్లని, పేస్‌మేకర్ ఉన్నవాళ్లని సాధారణంగా పక్కన పెడతారు. అక్కడివాళ్లు ఈసీజీ అడిగారా?

అంబాజీపేట_రాజు
లేదండి. స్కాన్ రిపోర్టు చూసి ఖర్చు చెప్పారంతే.

కాకినాడ_శ్రీను
అయితే డబ్బు కట్టొద్దు. గుండె డాక్టర్‌కి చూపించాకే ఏ మాటైనా. "ట్రయల్" అని ఎవరైనా అంటే సీటీఆర్‌ఐ (ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) నంబర్ అడగండి. 2009 నుంచి మన దేశంలో ట్రయల్స్ అక్కడ నమోదు కావాలి, ఎవరైనా వెబ్‌సైట్‌లో చూడొచ్చు. సమ్మతి పత్రం తెలుగులో ఇమ్మనండి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం వాళ్లే చేయించాలి. ఎప్పుడైనా మానేయొచ్చు, దానికి మామూలు చికిత్స ఆపకూడదు. రెండో అభిప్రాయానికి స్కాన్ సీడీ పట్టుకెళ్లండి, కాగితం రిపోర్టు చాలదు. సర్జన్, కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్ ముగ్గురూ కలిసి చూసేచోటికే వెళ్లండి.

అంబాజీపేట_రాజు
ఆయ్, అలాగేనండి. అత్తయ్యగారికి ఇదంతా చదివి వినిపించాను, బేరం ఆపించారు. కీమో మధ్యలో తీసే స్కాన్ వచ్చే వారం. సీడీ, ఈసీజీ పట్టుకుని గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి వెళ్తున్నాం. ఏమన్నారో ఇక్కడే రాస్తాను.