ఆఫీసుకి సైకిల్ తొక్కే కొత్తవాళ్ళకి క్లీట్ షూస్ అవసరమా? (బెంగళూరు)

చిత్తూరు_మడివాళ: మడివాళ నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి సైకిల్ మీద వెళ్ళడం ఈ మధ్యే మొదలుపెట్టాను. రన్నింగ్ షూస్ వేసుకుంటే సగం దారిలో వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. గ్రూపులో అందరూ క్లీట్స్ (షూ సోల్ కింద ఉండి పెడల్‌కి బిగుసుకునే ముక్కలు) కొనమంటున్నారు. కొనాలా?

హెబ్బాళ్_సవారీ: కొనండి. రన్నింగ్ షూ సోల్ మెత్తగా చేసేది, పరిగెత్తేటప్పుడు మడమకి దెబ్బ తగలకుండా. సైకిల్ మీద మడమ నేలకి తగలదు కదా. మెత్తటి సోల్ పెడల్ మీద వంగిపోతుంది, బరువంతా పాదంలో ఒకే చోట పడుతుంది. 1985లో ఫ్రెంచ్ రేసర్ బెర్నార్ హీనో, క్లీట్ బిగుసుకునే లుక్ కంపెనీ పెడల్స్‌తో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు గెలిచాక పోటీల్లో తొక్కేవాళ్ళంతా పాదాన్ని పెడల్‌కి కట్టే పాత పట్టీలు వదిలి ఇటు వచ్చారు. ఊరికే రాలేదు.

శాంతి_కోరమంగళ: ఆయన వెళ్ళేది ఎప్పుడూ ట్రాఫిక్ జామ్ అయ్యే సిల్క్ బోర్డ్ జంక్షన్ మీదుగా. అక్కడ కాలు ఎన్నిసార్లు కింద పెట్టాలో మీకు తెలియదా? చిత్తూరు గారూ, ముందు లేసు వదులు చేసి చూడండి. ఫ్లాట్ పెడలే ఉంచుకోండి, కాకపోతే వెడల్పుగా, పిన్నులున్నది వేయించండి. ముంగాలు పెడల్ ఇరుసు మీదికి రావాలి. వంచితే సులువుగా వంగని సోల్ చూసి, సాయంత్రం పూట షూ కొనండి. అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, అసలు సైజు తెలుస్తుంది.

ఓబులేసు77: కుడికాలి లేసు లోపలికి దోపుకో తమ్ముడూ. చైన్‌లో పడితే లాగేస్తుంది.

హెబ్బాళ్_సవారీ: శాంతి గారూ, పెడల్‌కి టెన్షన్ స్క్రూ ఉంటుంది. వదులు చేస్తే మడమ కాస్త బయటికి తిప్పగానే క్లీట్ ఊడి వస్తుంది. రెండు బోల్టులతో బిగించే ఎస్‌పీడీ రకం అయితే క్లీట్ సోల్‌లోకి ఇమిడిపోతుంది, ఆఫీసులో నడవొచ్చు కూడా. మూడు బోల్టులది సోల్ కిందికి పొడుచుకొస్తుంది, అది నేనూ వద్దంటాను.

శాంతి_కోరమంగళ: నేను క్లీట్స్‌తో తొక్కినప్పుడు స్క్రూ వదులుగానే ఉంది. సిగ్నల్ దగ్గర ముందు ఆటో ఆగింది, తిప్పే టైమే లేదు. పక్కకి పడ్డాను, మణికట్టు విరిగింది. వెనక బస్సు డ్రైవర్ బ్రేకు వేశాడు కాబట్టి ఇది రాస్తున్నాను.

హెబ్బాళ్_సవారీ: ఖాళీ గ్రౌండ్‌లో ప్రాక్టీసు చేయకుండా రోడ్డెక్కితే ఎవరైనా పడతారు. తప్పు షూది కాదు.

నెల్లూరు_బీటీఎం: అన్నా, విరిగిన చెయ్యి గురించి అలాగా మాట్లాడేది?

హెబ్బాళ్_సవారీ: నేను మొదట్లో మెత్తటి షూతోనే తొక్కాను. పాదం నొప్పికి సైకిల్ అమ్మేశాను. సోల్ సంగతి అప్పుడు ఒక్కరూ చెప్పలేదు. ఇంకొకరు అలా మానేయకూడదని ఇంత రాస్తున్నాను.

శాంతి_కోరమంగళ: సోల్ గట్టిగా ఉండాలని నేనూ అన్నాను, పైన చదవండి. నేను క్లీట్స్ ఎందుకు కొన్నానో వినండి. మా గ్రూపు లీడర్ "ఫ్లాట్ పెడల్ వాళ్ళ కోసం ఆగం" అన్నాడు. నంది కొండకి వెళ్తూ దేవనహళ్ళి దాటాక, ఇంకా తెల్లారకముందే, నన్ను రోడ్డు మీద ఒక్కదాన్నే వదిలేసి పోయారు. ఆ భయానికి కొన్నాను. నేను సిద్ధం కాకముందే నాతో కొనిపించింది ఆ మాటే.

హెబ్బాళ్_సవారీ: ఒంటరిగా వదిలేయడం అన్యాయం, అందులో రెండో మాట లేదు. కానీ ఊరి నుంచి నందికి సుమారు 60 కిలోమీటర్లు. ట్రాఫిక్ మొదలయ్యేలోగా వెనక్కి రావాలంటే ఒక వేగం ఉండాలి. మెల్లగా వచ్చేవాళ్ళు వేరే గ్రూపు చూసుకోవాలి.

శాంతి_కోరమంగళ: ఇదే నాకు కోపం. కొత్తవాళ్ళని "రండి రండి" అని పిలిచేదీ మీరే. పిలిస్తే ఒకరు వెనకుండి తీసుకురావాలి. లేదంటే వేగం ముందే రాసి పెట్టండి.

హెబ్బాళ్_సవారీ: రాసి పెడతాం. వెనకుండటానికి మాత్రం ఎవరూ ఒప్పుకోరు, అందరికీ ఉన్నది ఒక్క ఆదివారమే.

చిత్తూరు_మడివాళ: లేసు వదులు చేశాక తిమ్మిరి కొంచెం తగ్గింది అక్కా. గట్టి సోల్ షూ చూస్తాను. ఆదివారాలు కబ్బన్ పార్కులో బండ్లు రానివ్వరు కదా, మీ వాళ్ళెవరైనా అక్కడ తొక్కుతారా?

శాంతి_కోరమంగళ: మేం ఉంటాం, రండి. చెయ్యి పూర్తిగా నయమయ్యేదాకా నేను అక్కడే.